ఇంటి లైను

సుమిత్రమ్మను చంపింది బ్యాటరీ. ఆ బ్యాటరీ ఎంతది ఉండాలో లెక్క కట్టింది రవితేజ. కాబట్టి సుమిత్రమ్మను చంపింది రవితేజ. ఎవరడిగినా జానయ్య ఇంతే చెప్పేవాడు. ఇంకో మాట కలిపేవాడు కాదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో జానయ్యకు రెండు గదుల డాబా ఇల్లుంది. డాబా మీద ఇనుప గొట్టం, గొట్టానికి రేడియో డబ్బాలు. అవి దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న నెట్ కంపెనీవి. అక్కడినుంచి ఎల్బీనగర్ దాకా డాబా మీంచి డాబా మీదికి గాలిలోనే ఇంటర్నెట్ పంపుతారు. కరెంటు పోయినా ఆ డబ్బాలు ఆరిపోకూడదు. అందుకని ప్రతి డాబా మీదా ఓ రేకు పెట్టె, అందులో బ్యాటరీలు. ఆ పెట్టెలన్నీ చూసుకునే పని జానయ్యది. నకిరేకల్ దగ్గర ఊళ్ళో ఏడో తరగతితో బడి మానేసి, పట్నం వచ్చి బ్యాటరీ షాపులో చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని. డిస్టిల్డ్ వాటర్ క్యాను సైకిలుకు తగిలించుకుని మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ బతికాడు.

డాబా ఇచ్చినవాళ్ళకు ఆ కంపెనీ కిరాయి కట్టదు. బదులుగా బ్యాటరీ పెట్టె నుంచి ఓ సన్నటి వైరు ఇంట్లోకి దింపుతుంది. కరెంటు పోయినప్పుడు ఆ వైరు మీద ఒక బల్బు వెలుగుతుంది, ఓ చిన్న టేబుల్ ఫ్యాను తిరుగుతుంది. దాన్ని ఇంటి లైను అంటారు. దానికో షరతుంది. బ్యాటరీ నీరసపడితే పెట్టెలోని కటాఫ్ స్విచ్చు ముందుగా ఇంటి లైను తెంపేస్తుంది. మిగిలిన కాస్త శక్తీ రేడియోలకు దాచిపెడుతుంది. ఇల్లు చీకటైనా సరే, నెట్ ఆగకూడదు.

జానయ్య భార్య సుమిత్రమ్మకు దమ్ము. ఆయాసం ఎక్కువైనప్పుడు ఆవిరి మందు పట్టే మిషన్ పెట్టుకోవాలి. రవితేజ రాజమండ్రి వైపు కుర్రాడు, ఇంజనీరింగ్ చదివి కంపెనీలో చేరాడు. ఆ మిషన్ ఇంటి లైను మీద నడిచేలా వైరు మార్చి ఇచ్చింది అతనే. ఆ రోజు జానయ్య పెట్టె దగ్గర నిలబడి అన్నాడు.

"ఇంకో జత బ్యాటరీలు పెట్టరాదు? ఎండాకాలం కోతలెట్లుంటయో నీకెర్క లేదు."

"లెక్క కట్టాను బాబాయ్. రేడియోలు, బల్బు, మధ్యాహ్నం కాసేపు ఫ్యాను, పిన్ని మిషను. అన్నీ కలిపినా బ్యాటరీలో సగం దాటదు. సగం ఎప్పుడూ చేతిలో ఉంటుంది."

"ఉంటదా?"

"ఉంటుంది బాబాయ్. నాది పూచీ."

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణిలో బొగ్గు ఆగింది. బస్సులు ఆగాయి. కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, ఇష్టమొచ్చినంతసేపు పోయేది. అలాంటి రోజుల్లో ఒక బందు నాడు, మధ్యాహ్నం, జానయ్య సరూర్‌నగర్‌లో ఓ డాబా మీద ఉండగా సుమిత్రమ్మకు ఆయాసం వచ్చింది. మిషన్ పెట్టుకుంది. మిషన్ కాసేపు తిరిగి ఆగిపోయింది. కటాఫ్ ఇంటి లైను తెంపేసింది. ఆటోలు లేవు. ఆమె తమ్ముడు గోపయ్య ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం వంటావార్పు దగ్గరుండి, కబురందగానే పరుగెత్తుకొచ్చి, అక్కను కూరగాయల రిక్షా ట్రాలీలో వేసుకుని దవాఖానకు బయల్దేరాడు. మలక్‌పేట చేరకముందే ఆమె చెయ్యి చల్లబడింది.

జానయ్య ఇంటికొచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద మిషన్ మాస్కు పడి ఉంది. డాబా మీద రేడియోల పచ్చ దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆ దీపాలను అతను మర్చిపోలేదు.

దినాలయ్యాక గోపయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాలనీలో ఉద్యమం పనులన్నీ గోపయ్యవే. గొంతు ఎప్పుడూ బొంగురే.

"బావా, త్రినాథరావుతోని మాట్లాడిన. ఐతారం ఆఫీసుల కూసుందామన్నడు."

త్రినాథరావు కంపెనీ ఓనరు.

"ఏమంటడు?"

"ఏమంటడు, కాళ్ళబేరానికొచ్చిండు. మా అక్క పానం పోతే నీ నెట్టు నడిచింది, గిదేం ఇన్సాఫ్ అన్న. బ్యాటరీ లెక్క తప్పని నువ్వొక్క మాట చెప్తే చాలట. గా పిలగాన్ని తీసేస్తడట. ఇంకే కంపెనీల అడుగు పెట్టకుండ అందరికి ఫోన్లు చేస్తడట."

"చెప్తా."

"గట్టిగ చెప్పాలె. నువ్వసలే మూడు మాటల మనిషివి."

"ఒక్కటి చాలన్నవు గద."

గోపయ్యకు నవ్వొచ్చి, అక్క ఫోటో చూసి ఆపుకున్నాడు.

రవితేజ కూడా వచ్చాడు, ఆ సాయంత్రమే. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని జానయ్య అనలేదు.

"బాబాయ్, నేను ఎన్నిసార్లు చూసినా లెక్క సరిగానే వస్తోంది. ఎక్కడో ఏదో జరిగింది. ఒక్కసారి పెట్టె తెరిచి చూడనివ్వండి."

"నా డాబా ఎక్కకు."

"మా నాన్న రిటైరయ్యాడు బాబాయ్. ఈ ఉద్యోగం..."

"సగం చేతుల ఉంటదన్నవు. ఏదీ, నీ చెయ్యి చూపియ్యి."

కుర్రాడు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో జానయ్య ఒక్కడే. పిల్లలు లేరు. సుమిత్రమ్మ గది తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. మళ్ళీ తియ్యలేదు. ఆ తర్వాతే అది మొదలైంది.

ఇన్నాళ్ళూ పగటి కోతల్లో అతను ఏదో ఒక డాబా మీద ఉండేవాడు, ఇప్పుడు పనికి పోవడం లేదు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు పోగానే సందు సందంతా ఒక్కసారి చచ్చిపోయినట్టవుతుంది. టీవీలు, మిక్సీలు, పిండిగిర్నీ అన్నీ ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో, మూసిన గదిలోంచి, సన్నగా వినపడింది. టక్... టక్... టక్...

జానయ్య చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

అది ఆమె ఫ్యాను చప్పుడు. కంపెనీ ఇచ్చిన టేబుల్ ఫ్యాను ఓసారి స్టూలు మీంచి పడి ఒక రెక్క చీలింది. జానయ్య ఎంసీల్ పెట్టి అతికించాడు. అతుకు లావై, తిరిగినప్పుడల్లా జాలీకి తగిలేది. "కొత్తది తెస్తా" అంటే సుమిత్రమ్మ వద్దనేది. "దాని సప్పుడు వింటుంటే ఎవరో పక్కన కూసోని తమలపాకు నములుతున్నట్టుంటది" అని నవ్వేది. తర్వాత ఎప్పుడో ఆ ఫ్యాను గదిలో కనపడటం మానేసింది. అడిగితే, "దాని గాలి నాకు పడ్తలే. దమ్మెక్కువైతుంది. అటకెక్కించిన" అంది. నెలలు గడిచిపోయాయి.

కరెంటు వచ్చింది. సందు మళ్ళీ మోగింది. చప్పుడు అందులో కలిసిపోయింది.

మర్నాడు కోతలో మళ్ళీ వినపడింది. ఆ మర్నాడూ అంతే. జానయ్య తలుపుకు చెవి ఆనించి నిలబడేవాడు. లోపల ఆమె కూర్చుని ఉన్నట్టు, తనకోసం చూసి చూసి విసిగి అటు తిరిగి పడుకున్నట్టు అనిపించేది. ఒకసారి "సుమిత్రా" అని పిలిచాడు. పిలిచినందుకు తన మీద తనకే కోపం వచ్చి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, కరెంటు వచ్చేదాకా మార్కెట్‌లో బత్తాయి బుట్టల మధ్య నిలబడ్డాడు.

దయ్యాలను నమ్మే మనిషి కాదు జానయ్య. కానీ బ్యాటరీని నమ్ముతాడు. ఆదివారం ఆఫీసులో రవితేజ ఏవేవో అంకెలు చెబుతాడు. తన దగ్గర కూడా ఓ అంకె ఉండాలి. బ్యాటరీని నిండా ఎక్కనిచ్చి, ఇంట్లో అన్ని స్విచ్చులూ తీసేసి, కోతలో ఎంతసేపు నిలుస్తుందో చూస్తే తేలిపోతుంది. రేడియోల బరువుకే సగం కంటే కిందికి పడితే కుర్రాడి లెక్క తప్పు. అంతే.

శనివారం పొద్దున కోత మొదలుకాగానే, వైరులో ఎంత కరెంటు పారుతోందో చూపే కంపెనీ మీటరు పట్టుకుని డాబా ఎక్కాడు. రేకు పెట్టె తెరిచాడు. ముందు రేడియోల వైరుకు మీటరు నోరు తగిలించాడు. ఎంత ఉండాలో అంతే ఉంది. తర్వాత ఇంటి లైనుకు తగిలించాడు. అక్కడ సున్నా ఉండాలి. కింద బల్బు లేదు, మిషన్ లేదు.

సున్నా లేదు. వైరులో కరెంటు పారుతోంది. ఓ చిన్న ఫ్యాను తాగేంత.

జానయ్య మీటరు పెట్టె మీదే వదిలేశాడు. మెట్లు దిగి, సుమిత్రమ్మ గది గొళ్ళెం తీశాడు. జండూబామ్ వాసన, మూసిన గది వాసన కలిసి మొహాన కొట్టాయి. మంచం ఖాళీ. స్టూలు ఖాళీ. స్టూలు మీద ఫ్యాను అడుగు ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ కూడా లేదు, దుమ్ము సమంగా పరుచుకుని ఉంది. అటక చూశాడు. రెండు బిందెలు, ఓ పాత పరుపు. ఫ్యాను లేదు.

చప్పుడు మాత్రం ఉంది. టక్... టక్... తలుపు తెరిచాక ఇంకా దగ్గరగా, స్పష్టంగా.

మళ్ళీ డాబా ఎక్కాడు. స్క్రూడ్రైవర్ తీసి, కటాఫ్ దగ్గర ఇంటి లైను స్క్రూ వదులు చేసి, వైరు బయటికి లాగాడు.

చప్పుడు నెమ్మదించింది. ఒక్కో టక్కుకూ మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఆగిపోయింది.

వైరు మళ్ళీ పెట్టాడు. చప్పుడు లేచింది. మొదట బరువుగా, తర్వాత అలవాటైన నడకలా.

మళ్ళీ లాగాడు. చనిపోయిన మనిషి ఊపిరి స్క్రూడ్రైవర్‌తో ఆపుతూ, మళ్ళీ పోస్తూ ఉన్నట్టుంది. చప్పుడు చచ్చిపోయింది. అప్పుడు, పక్కింటి కిటికీలోంచి ఆడగొంతు వినపడింది.

"అయ్యో, మళ్ళీ ఆగిందేంటండీ! ఉండండి, విసనకర్ర తెస్తాను."

జానయ్య వైరు పెట్టేశాడు. ఆ తర్వాత ఇంటి లైను వెంట చూపు నడిపించాడు. పెట్టె నుంచి పిట్టగోడ దాకా. పిట్టగోడ మూల బోర్లించిన పెయింటు డబ్బా ఉంది. దాన్ని ఎత్తాడు. కింద ఓ జాయింటు. టేపు శుభ్రంగా చుట్టి ఉంది. అక్కడినుంచి ఇంకో వైరు, టీవీ కేబుళ్ళ గుత్తిలో కలిసిపోయి, సందు దాటి, సుమిత్రమ్మ గది కిటికీకి ఎదురుగా ఉన్న పక్కింటి కిటికీలోకి వెళ్ళింది. ఆ గుత్తిలో ఇరవై వైర్లున్నాయి. ఇంకొకటి ఎవరికి కనపడుతుంది?

పక్కిల్లు గంగాధరరావుది. గుంటూరు మనిషి. ఉద్యమం మొదలైన రోజుల్లో పిట్టగోడ మీద చేతులు పెట్టి, "రాష్ట్రం మీకొస్తే కరెంటు ఎక్కడిది జానయ్యా? దీపాలు పెట్టుకు కూర్చోవాలి" అన్నాడు. ఎగతాళికే అని ఉండొచ్చు. జానయ్య ఆ రోజు నుంచి ఆ ఇంటి మనుషులతో మాట్లాడలేదు. సుమిత్రమ్మను కూడా మాట్లాడవద్దన్నాడు. తర్వాత గంగాధరరావుకు పక్షవాతం వచ్చిందని తెలిసింది. జానయ్య చూడ్డానికి పోలేదు.

వైరు కత్తిరించే ప్లయరు జేబులో వేసుకుని, సందు దాటి ఆ ఇంటి తలుపు కొట్టాడు.

గంగాధరరావు భార్య ఇందిరాదేవి తలుపు తీసి, ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత కొంగు సర్దుకుని, "రండి అన్నయ్యగారూ, రండి" అంది.

గంగాధరరావు మంచం మీద ఓ వైపు తిప్పి పడుకోబెట్టి ఉన్నాడు. వీపు మీద పుళ్ళు. వాటికి గాలి తగిలేలా చొక్కా పైకి లాగి ఉంది. మంచం పక్కన కుర్చీ మీద ఫ్యాను. అతుకేసిన రెక్క. జాలీకి కట్టిన ఆకుపచ్చ గుడ్డ పీలిక గాలికి ఎగురుతోంది. అది సుమిత్రమ్మ పాత చీర అంచు.

"పుళ్ళకి చెమట పట్టకూడదన్నారు డాక్టరు. కరెంటు పోతే ఈయన బాధ చూడలేక ఏడుస్తుంటే, వదినగారు కిటికీలోంచి చూశారు. మర్నాడే కేబుల్ సైదులుతో వైరు లాగించారు. ఫ్యాను ఆవిడే తెచ్చి పెట్టారు. మీకు చెప్పొద్దన్నారండీ." ఇందిరాదేవి మంచం మీది దుప్పటి సర్దింది. "మీకు కోపమని తెలుసు. నాకూ భయంగానే ఉండేది."

జానయ్య ఫ్యానునే చూస్తున్నాడు. "ఎంతసేపు తిరుగుతది?"

"కరెంటు పోయినంతసేపూనండి. ఆపితే ఈయనకి మంట."

మధ్యాహ్నం కాసేపు ఫ్యాను. రవితేజ లెక్కలో ఉన్నది అంత మాత్రమే.

"గా దినం కూడ తిరిగిందా?"

"ఏ రోజండీ?"

"సుమిత్ర పోయిన దినం."

"తిరిగింది. పొద్దుట్నుంచీ తిరిగింది. మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గరికొచ్చారు, ఆయాసపడుతున్నారు. మీ మిషనుకేమైనా ఇబ్బందవుతుందా వదినా, ఫ్యాను కట్టేయనా అన్నాను. ఉండనియ్యి, నా మిషను ఎంత తాగుతదమ్మా, నువ్వు ఆపకు అన్నారు. తర్వాత కాసేపటికి అదే ఆగిపోయింది." ఆమె ఉన్నట్టుండి జానయ్య మొహంలోకి చూసింది. మనసులో ఎన్నాళ్ళుగానో నలుగుతున్న ప్రశ్న పెదాల మీదికి వచ్చింది. "అన్నయ్యగారూ, మా ఫ్యాను వల్ల ఏమైనా..."

మంచం మీది మనిషి కళ్ళు కూడా జానయ్య మీదే ఉన్నాయి. నోరు పడిపోయింది గానీ చెవులు పడిపోలేదు.

జానయ్య చెయ్యి జేబులో ప్లయరు మీద ఉంది. ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. ఆ మాటతో ఈ ఇల్లు కూలిపోతుంది. ఈమె ఇక ఆ ఫ్యాను వైపు చూడలేకపోతుంది. ఆ మనిషి ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళూ ఆ మాట కింద పడి ఉంటాడు. అప్పుడు పాపం ఎవరికి చేరాలో వాళ్ళకు చేరుతుంది. జానయ్యకు ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

టక్... టక్... ఎవరో పక్కన కూర్చుని తమలపాకు నములుతున్నట్టు.

"లేదు," అన్నాడు. "బ్యాటరీ పాతగైంది. అంతే."

"నిజంగానా అండీ?"

"బ్యాటరీల సంగతి నాకెర్క."

ఆమె కూలబడి కొంగులో మొహం దాచుకుంది. "మరి ఈ వైరు..."

"ఉండనీ."

ఇంటికొచ్చి, గది మధ్యలో నిలబడి, "నన్ను అడిగితే ఏమైతుండె?" అన్నాడు పైకి. ఏమయ్యేదో అతనికి తెలుసు. ఒప్పుకునేవాడు కాదు. ఆమెకూ తెలుసు గనుకే అడగలేదు. తన మిషన్, ఆ ఫ్యాను ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నాయని ఆమెకు తెలుసో తెలియదో మాత్రం జానయ్యకు ఎప్పటికీ తెలియదు. తెలిసి చేస్తే క్షమించలేడు. తెలియక చేసినా క్షమించలేడు. మొగుడు వద్దన్న ఇంటికి తన ఊపిరి పోసి వెళ్ళిపోయింది.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో కుర్చీలు చాలలేదు. గోపయ్య వెంట కాలనీ మనుషులు వచ్చారు. త్రినాథరావు అందరికీ టీ తెప్పించాడు. రవితేజ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, టీ ముట్టలేదు.

"చెప్పండి జానయ్యగారూ," అన్నాడు త్రినాథరావు. "మీరు ఏదంటే అదే. బ్యాటరీ లెక్క తప్పా?"

"తప్పు కాదు."

గోపయ్య చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏందీ?"

"లెక్క సరిగనే ఉంది. చూసిన."

"మరి లైను ఎందుకు పోయింది బావా? మా అక్క ఎట్ల సచ్చింది?"

"నా దగ్గర చెప్పేది గింతే."

"ఎంతిచ్చిండు నీకు?" వెనకనుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో నవ్వారు. గోపయ్య నవ్వలేదు. బావను కొత్త మనిషిని చూసినట్టు చూసి, లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మనుషులు అతని వెనకే వెళ్ళారు.

రవితేజ కింద, సైకిలు దగ్గర జానయ్యను అందుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బాబాయ్, మీ రుణం..."

"నువ్వు మంచోనివని చెప్పలే. లెక్క తప్పు కాదన్న," అన్నాడు జానయ్య. "ముందుగాల ఇల్లు ఆరాలె, రేడియో వెలగాలె అని పెట్టింది ఎవరు?"

"అది... కంపెనీ రూలు బాబాయ్."

"ఊఁ." సైకిలు స్టాండు తీశాడు. "నా డాబా ఎక్కకు."

గోపయ్య చాలా రోజులు రాలేదు. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. కోతలు మాత్రం అప్పుడప్పుడూ ఉండేవి. అక్క పేరు మీద మాసికం పెట్టే నాడు, రాక తప్పదు గనుక వచ్చాడు. ఇద్దరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అన్నం సగంలో ఉండగా కరెంటు పోయింది. సందు చచ్చిపోయింది.

టక్... టక్... టక్...

గోపయ్య తల ఎత్తాడు. మూసి ఉన్న గది తలుపు వైపు చూశాడు.

"బావా... గా సప్పుడేంది? అక్క ఫ్యాను సప్పుడు లెక్కనే ఉంది."

జానయ్య అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"నువ్వేదో దాస్తున్నవు. ఆఫీసులనే సమజైంది నాకు. చెప్పు బావా. మా అక్క సంగతి నాకు తెల్వాల్నా వద్దా?"

"అక్క గురించి అడుగు, చెప్తా. పెండ్లినాడు ఎట్లుండెనో అడుగు, ఏమేం వండుతుండెనో అడుగు," అన్నాడు జానయ్య. "గీ సప్పుడు గురించి అడగకు. గా బ్యాటరీ గురించి అడగకు. ఇయ్యాల కాదు, రేపు కాదు, నేను సచ్చే నాడు మంచం కాడ కూసోని అడిగినా చెప్ప. తిను."